మంచు తప్ప ఏమీ కనిపించని చోట దారి పట్టుకోవడం ఎలా

అంటార్కిటికా అంచున హెర్క్యులిస్ ఇన్‌లెట్ అనే చోటు ఉంది. దాదాపు 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 80 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. స్కీలు కట్టుకుని దక్షిణ ధ్రువానికి నడిచి వెళ్లే సాహసికుల్లో చాలామంది అక్కడి నుంచే బయల్దేరతారు. చిన్న విమానం వారిని మంచు మీద దించేసి వెళ్లిపోతుంది. ఇంజను చప్పుడు దూరమయ్యాక మిగిలేవి మంచు, ఆకాశం, నడుముకు కట్టుకుని మంచు మీద లాగే స్లెడ్జి బండి. ముందు సుమారు 1,100 కిలోమీటర్ల నడక ఉంటుంది. చెట్టు లేదు, బాట లేదు, దారి అడుగుదామంటే మనిషి లేడు.

ఆ విమానం దిగింది మీరే అనుకుని చదవండి. నిజంగా వెళ్లేవారు మనలో కొద్దిమందే ఉంటారు. అయినా ఇందులోని లెక్కలు కొన్ని ఇంటి మేడ మీద నిలబడి సరిచూసుకోదగినవే. ఒక్క విషయం మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. అక్కడ ప్రతి ఒక్కరూ కొంత పక్కకు పోతారు. ఎంత పోవచ్చో ముందే లెక్కగట్టి, ఆ తప్పుకు చోటు విడిచి నడిచినవారు గమ్యం చేరి తిరిగి వచ్చారు. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఆ చోటు ఎక్కడ విడవాలో చూడండి.

మొదట మీ మధ్యాహ్నం ఎప్పుడో తేల్చుకోండి

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. ధ్రువయానంలో అవసరమయ్యే లెక్కల్లో సగం ఇక్కడి నుంచే పుడతాయి.

మీరున్న రేఖాంశం మీద సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు చేరే క్షణమే మీ అసలు మధ్యాహ్నం. హెర్క్యులిస్ ఇన్‌లెట్ దగ్గర 80ని నాలుగుతో గుణించండి. 320 నిమిషాలు, అంటే అయిదు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. మీరు గ్రీనిచ్‌కు పడమటన ఉన్నారు కనుక, గ్రీనిచ్‌లో సాయంత్రం 5.20 అయినప్పుడు మీకు మిట్టమధ్యాహ్నం. మణికట్టు గడియారాన్ని ఆ లెక్కకు మార్చేసుకోండి. ఇకమీదట దానిలో 12 అయిందంటే సూర్యుడు సూటిగా ఉత్తరాన ఉన్నట్టే.

ఇది ఇంట్లోనే సాధన చేయవచ్చు. మన దేశపు ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ గడియారపు పన్నెండుకూ సూర్యుడి పన్నెండుకూ సగటున పెద్ద తేడా ఉండదు. హైదరాబాదు అంతకన్నా నాలుగు డిగ్రీలు పడమటన ఉంది. పదహారు నిమిషాలు ఆలస్యం, అంటే 12.16. ఇదే లెక్కను అంటార్కిటికాలో 1989 నుంచి పనిచేస్తున్న మన మైత్రి కేంద్రానికి వేయండి. అది 11 డిగ్రీల 44 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన గడియారంలో సాయంత్రం 4.43 అయినప్పుడు మైత్రిలో సూర్యుడు మధ్యాహ్నపు ఎత్తులో ఉంటాడు.

ఈ లెక్కకు ఒక సవరణ ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు, భూమి అక్షం కూడా వాలి ఉంది. అందువల్ల సూర్యుడు గడియారం కన్నా నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి మధ్యలో పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. పదహారు నిమిషాలంటే దిక్కులో నాలుగు డిగ్రీలు. నాలుగు డిగ్రీల తప్పుతో పది కిలోమీటర్లు నడిస్తే అనుకున్న చోటుకు 700 మీటర్లు పక్కన తేలతారు. అక్కడి మసకలో గుడారం కనిపించకుండా పోవడానికి ఆ దూరం చాలు. అందుకే ఏ రోజుకు ఎన్ని నిమిషాల సవరణో ఒక పట్టికగా అట్ట మీద రాసి దగ్గర ఉంచుకోండి.

గడియారాలు రెండు తీసుకెళ్లండి. ఒకటి చొక్కా లోపల, ఒంటికి ఆనుకుని ఉండాలి. 1895 ఏప్రిల్‌లో నార్వే అన్వేషకుడు నాన్సెన్, ఆయన సహచరుడు యోహాన్సెన్ ఉత్తర ధ్రువం వైపు 86 డిగ్రీల 13 నిమిషాల దాకా వెళ్లి వెనక్కు తిరిగారు. ఒకరోజు బాగా అలసిపోయి, కీ ఇవ్వడం మరిచి నిద్రపోయారు. లేచేసరికి ఇద్దరి గడియారాలూ ఆగిపోయి ఉన్నాయి. సమయం పోగానే రేఖాంశం కూడా పోయింది. సూర్యుడి ఎత్తును బట్టి ఎంత ఉత్తరాన ఉన్నారో తెలిసేది కానీ, తూర్పున ఉన్నారో పడమటన ఉన్నారో నిక్కచ్చిగా తెలియలేదు. కనిపించిన దీవులు ఏవో తేల్చుకోలేకపోయారు. చలికాలమంతా రాళ్లు పేర్చి, పైన వాల్రస్ తోలు కప్పిన గుడిసెలో తలదాచుకున్నారు. 1896 జూన్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో జాక్సన్ అనే బ్రిటిష్ అన్వేషకుడు ఎదురుపడినప్పుడుగానీ తామున్నదెక్కడో వారికి రూఢిగా తెలియలేదు. ఇద్దరి గడియారాలకూ ఇద్దరూ ఒకే రాత్రి కీ ఇవ్వాల్సిన పరిస్థితి పెట్టుకోకండి. పొద్దున ఒకరిది, రాత్రి ఒకరిది చొప్పున పంచుకోండి. బ్యాటరీ గడియారాలైనా రోజూ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

దిక్సూచిని ఎంతవరకు నమ్మవచ్చు

మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం చాలావరకు నేలకు సమాంతరంగా లాగుతుంది కాబట్టి సూది హాయిగా తిరుగుతుంది. అయస్కాంత ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ ఆ బలం నేలలోకి దిగుతుంది. సూది ఒక కొన కిందికి వాలి పెట్టె అడుగుకు రాసుకుంటుంది, అడ్డంగా తిప్పే బలం తగ్గిపోతుంది. నౌకలకూ ఫోన్లకూ ఆధారమైన ప్రపంచ అయస్కాంత నమూనాలో, ఈ అడ్డపు బలం 6,000 నానోటెస్లాల (అయస్కాంత బలపు కొలమానం) కన్నా తగ్గితే దిక్సూచిని జాగ్రత్తగా చూడమనీ, 2,000 కన్నా తగ్గితే అసలు నమ్మవద్దనీ హెచ్చరిక ఉంటుంది.

అయితే దక్షిణాన ఒక ఊరట ఉంది. దక్షిణ అయస్కాంత ధ్రువం అసలు ధ్రువం దగ్గర లేదు. 1909 జనవరి 16న డేవిడ్, మాసన్, మెకే అనే అన్వేషకులు దాన్ని వెతుక్కుంటూ వెళ్లి చేరినప్పుడు అది ఖండం మీద మంచులో ఉంది. ఇప్పుడు అంటార్కిటికాలోని అడెలీ తీరం దాటి సముద్రంలోకి జరిగింది. అసలు ధ్రువానికి 2,800 కిలోమీటర్లకు పైగా దూరం. కాబట్టి హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి ధ్రువం దాకా దిక్సూచి బద్ధకంగానైనా పనిచేస్తుంది. ఉత్తరాన పరిస్థితి వేరు. 1831 జూన్ 1న బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని కెనడాలోని బూథియా ద్వీపకల్పం మీద గుర్తించాడు. అది అప్పటి నుంచి జరుగుతూ జరుగుతూ ఆర్కిటిక్ సముద్రం మధ్యకు, సైబీరియా వైపుకు వెళ్లింది. ఇప్పుడు అసలు ఉత్తర ధ్రువానికి దగ్గరలోనే ఉన్నందున అక్కడ సూది మీద ఆశ పెట్టుకోకూడదు.

కొనేటప్పుడు దక్షిణార్ధగోళానికి తూకం వేసిన సూది అడిగి తీసుకోండి. ఉత్తరార్ధగోళానికి చేసినది అక్కడ ఒక పక్కకు వాలిపోయి తిరగదు. చేత్తో పట్టుకోవడం కన్నా ఛాతీ మీద పట్టీతో బిగించిన చిన్న పలక మీద ఉంచుకోవడం మేలు. రెండు చేతులూ కర్రలకు ఖాళీగా ఉంటాయి, తల కొంచెం వంచితే సూది కనిపిస్తుంది. చూసే ప్రతిసారీ ఆగి, పలకను సమంగా ఉంచి, సూది నిలిచేదాకా ఓపిక పట్టండి. ఫోను, మంచుగొడ్డలి, అయస్కాంతపు బొత్తాలు ఉన్న చేతి తొడుగులు దగ్గరలో ఉండకూడదు. సూది చూపే దిక్కుకూ అసలు దిక్కుకూ ఉన్న తేడాను దిక్పాతం అంటారు. మీరు ముందుకు వెళ్లే కొద్దీ అది మారుతుంది. ప్రతి అర డిగ్రీ అక్షాంశానికి దిక్పాతం ఎంతో ముందే రాసుకుని వెళ్లండి.

నీడను పట్టుకుని నడవండి

ఎండ ఉన్న రోజున అన్నిటికన్నా మంచి దిక్సూచి మీ నీడే. సాహసికులు రోజులో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తారు.

మన దగ్గర ఈ పద్ధతి సరిగా కుదరదు. వేసవిలో సూర్యుడు పొద్దుటంతా తూర్పువైపే ఉండి, నడినెత్తి దాటగానే ఒక్కసారిగా పడమటికి మారిపోతాడు. ధ్రువాల దగ్గర మాత్రం గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా, దాదాపు ఒకే ఎత్తులో, గంటకు 15 డిగ్రీల చొప్పున చుట్టూ తిరుగుతాడు. గడియారం చూస్తే సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో తెలిసిపోతుంది.

దక్షిణానికి నడుస్తున్నారనుకోండి. స్థానిక మధ్యాహ్నం 12కు సూర్యుడు మీ వీపు వెనక, నీడ సరిగ్గా మీ ముందు. పదకొండుకు నీడ కుడివైపు 15 డిగ్రీలు పక్కకు ఉంటుంది. తొమ్మిదికి కుడివైపు 45 డిగ్రీలు. ఒంటిగంటకు ఎడమకు 15, మూడింటికి ఎడమకు 45, సాయంత్రం ఆరుకు పూర్తిగా ఎడమ చేతి వైపు. ఉత్తర ధ్రువానికి నడిచేవారికి ఇది తారుమారు. పొద్దున నీడ ఎడమన, మధ్యాహ్నం దాటాక కుడిన ఉంటుంది.

ఒక చిన్న కిటుకు ఉంది. గంట మొదట్లో ఆగి, దిక్సూచితో దిక్కు సరిచూసుకుని, నీడ తల మీ స్కీ కొన మీద ఎక్కడ పడుతోందో గమనించండి. తర్వాత పావుగంటకు ఒకసారి ఆ నీడ నాలుగు డిగ్రీల చొప్పున ఎడమకు జరగాలని గుర్తుంచుకుని నడవండి. నీడను చూస్తూ, దాన్ని మాత్రం కదలనివ్వకుండా నడిస్తే మీకు తెలియకుండానే వంపు తిరిగిపోతారు. కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

కాలికింద మంచును చదవండి

లోపలి పీఠభూమి నుంచి చల్లని బరువైన గాలి వాలు పట్టుకుని రోజుల తరబడి ఒకే వైపు నుంచి కిందికి జారుతుంది. ఆ గాలి మంచును చెక్కి గట్టి గట్లు వేస్తుంది. వీటిని సాస్ట్రూగి అంటారు. దుక్కి దున్నిన పొలంలో సాళ్లలా ఒకే దిక్కున సాగుతాయి, కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. ఎండ ఉన్నప్పుడే మీ దారికీ ఈ సాళ్లకూ మధ్య కోణం ఎంతో కొలిచి పెట్టుకోండి. మబ్బు కమ్మాక అదే కోణంలో వాటిని దాటుతూ పోతే దిక్కు నిలుస్తుంది. కళ్లకు కనిపించకపోయినా స్కీ కింద గట్టు తగిలే తీరు పాదాలకు తెలుస్తుంది.

కొత్త మంచుతుపాను చెక్కిన మెత్తని గీతలను నమ్మకండి. కర్రతో కొడితే ఠంగుమనే పాత గట్లనే లెక్కలోకి తీసుకోండి. వందల కిలోమీటర్ల దూరంలో గాలి దిక్కే మారుతుంది కాబట్టి ఆ కోణాన్ని రోజూ కొత్తగా కొలవాలి. కర్ర పిడికి జానెడు పట్టు రిబ్బను కట్టుకుంటే అప్పటికప్పుడు వీచే గాలి ఎటో తెలుస్తుంది.

ఈ చదువులో అందరికన్నా ముందున్నవారు ఆర్కిటిక్ ఇన్యూట్ ప్రజలు. కెనడాలోని ఇగ్లూలిక్ ప్రాంతంలో వాయవ్యానికి కాస్త పడమరగా వీచే గాలిని ఉఆంగ్‌నాక్ అంటారు. అది నాలుక ఆకారంలో వేసే మంచుతిన్నెల పేరు ఉకలురాయిట్. అవి గట్టిపడ్డాక వేరే గాలులు వీచినా చెదరవు. చీకట్లోనూ మసకలోనూ వేటగాళ్లు వాటిని చూసి, తాకి, దాటే కోణాన్ని బట్టి ఇంటి దారి పడతారు. ఎత్తైన చోట్ల ఇనుక్సుక్ అనే రాతి గుర్తులు నిలబెడతారు. యూరప్ నుంచి ఓడలు రాకముందే ఈ విద్య తరాల తరబడి నోటిమాటగా నడిచింది. అన్వేషణ చరిత్రలో వీరి పేరు ముందు చెప్పుకోవాలని నా గట్టి అభిప్రాయం.

తెల్లచీకటి కమ్మితే

మబ్బు దట్టంగా పట్టి, కింద మంచు పరుచుకుని ఉంటే వెలుగు ఆ రెంటి మధ్యే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. నీడ పడదు, దిగంతం కనిపించదు, నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పాల గిన్నెలో నిలబెట్టినట్టు ఉంటుంది. కాలిముందు అడుగు లోతు గుంట ఉన్నా కంటికి ఆనదు.

అలాంటప్పుడు మంచు ఉండ చేసి ముందుకు విసరండి. అది పడిన చోటు నేల, దాని వెనక వాలు, అన్నీ ఒక్క క్షణం తెలుస్తాయి. అక్కడిదాకా నడిచి మళ్లీ విసరండి. ఇద్దరుంటే దిక్సూచి వెనకవాడి దగ్గర ఉండాలి. ముందు నడిచేవాడికి చూపు నిలపడానికి ఏమీ ఉండదు కాబట్టి ఒక పక్కకు లాగేస్తాడు. వెనకవాడికి ముందువాడే గుర్తు, "కుడికి, ఇంకొంచెం కుడికి" అని చెప్పగలడు. ఒంటరిగా ఉంటే ప్రతి ఇరవై అడుగులకూ సూది చూడండి. కంటికి ఆధారం లేని మనిషి సూటిగా నడుస్తున్నానని నమ్ముతూనే గుండ్రంగా తిరుగుతాడు. మంచు పగుళ్లున్న చోటైతే నడవనే వద్దు. గుడారం వేసి కూర్చోండి.

గుడారం నుంచి పది అడుగులు బయటికి వెళ్లాలన్నా తాడు కట్టుకోండి. 1911 జులైలో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం అంటార్కిటికాలోని కేప్ ఇవాన్స్ గుడిసెలో చలికాలం గడుపుతుండగా, వైద్యుడు అట్కిన్సన్ సముద్రపు మంచు మీద పెట్టిన ఉష్ణమాపకాన్ని చూసి వద్దామని మంచుతుపానులో బయటికి వెళ్లాడు. గంటల తరబడి తిరిగాడు, చేతికి మంచుకాటు తగిలింది. గుడిసెకు అంత దగ్గరలో, దారి తెలిసిన మనిషికే అలా జరిగింది. మీరు తప్పిపోయామనిపించిన క్షణంలోనే ఆగండి. కర్రను మంచులో గట్టిగా దించి, దానికి తాడు కట్టి, తాడు పొడవున చుట్టూ తిరిగి వెతకండి. దొరకకపోతే కర్ర దగ్గరికి వచ్చి, గాలికి అడ్డంగా గొయ్యి తవ్వుకుని, వెలుతురు మారేదాకా ఉండండి.

ఎంత దూరం వచ్చారు, ఎక్కడున్నారు

పాతకాలపు స్లెడ్జి వెనక సైకిలు చక్రం లాంటి చక్రం ఒకటి కట్టి ఉండేది. అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే మీటరు దూరం చెప్పేది. దిక్కు, దూరం తెలిస్తే కాగితం మీద ఈరోజు స్థానం గుర్తించవచ్చు. ఈ లెక్కలో తప్పు రోజురోజుకూ పేరుకుంటుంది. దాన్ని సూర్యుడితో సరిచేయాలి.

ఇందుకు సెక్స్టాంట్ అనే కోణమాపకం కావాలి. సముద్రం మీదైతే దిగంతం నుంచి సూర్యుడి ఎత్తు కొలుస్తారు. మంచు మీద దిగంతం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఒక చిన్న పళ్లెంలో పాదరసం పోసి, గాలి తగలకుండా పైన గాజు గూడు పెడతారు. పాదరసం ఎప్పుడూ సమతలంగా నిలుస్తుంది, అద్దంలా మెరుస్తుంది. ఆకాశంలోని సూర్యుణ్ని కిందికి దించి, పళ్లెంలో కనిపించే సూర్యుడి మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. అప్పుడు వచ్చే కోణంలో సగమే అసలు ఎత్తు. పాదరసం మైనస్ 38.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుందని మరవకండి. మంచి చలిలో ఈ పని సాగదు.

ఒక ఉదాహరణ చేద్దాం. డిసెంబరు 21న, సవరణలన్నీ అయ్యాక, మధ్యాహ్నం పళ్లెంలో వచ్చిన కోణం 67 డిగ్రీలు. సగం చేస్తే 33 డిగ్రీల 30 నిమిషాలు. నావికా పంచాంగంలో ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖ నుంచి ఎంత దక్షిణాన ఉన్నాడనేది, 23 డిగ్రీల 26 నిమిషాలు. తొంభైకి క్రాంతిని కలిపి ఎత్తును తీసేయండి. 79 డిగ్రీల 56 నిమిషాలు వస్తుంది, అదే మీ దక్షిణ అక్షాంశం. ఒక నిమిషం అక్షాంశమంటే 1,852 మీటర్లు. సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల లోపు ఉంటే కొలవకండి. చల్లని గాలి పొరల్లో వెలుగు వంగి సూర్యుడు ఉన్నచోటు కన్నా పైకి కనిపిస్తాడు. 1597 జనవరిలో ఆర్కిటిక్‌లోని నోవాయా జెమ్ల్యా దీవిలో చిక్కుకున్న డచ్ నావికుడు బారెంట్స్ బృందానికి, లెక్క ప్రకారం రావాల్సిన రోజుకు సుమారు రెండు వారాల ముందే సూర్యుడు కనిపించాడు.

ఈరోజు ఈ పనంతా జీపీఎస్ పరికరం చేస్తుంది, చేయనివ్వండి కూడా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, గుడారం వేశాక ఒకసారి చూసి ఆపేయండి. అది చూపే దిక్కు మీరు కదులుతున్నప్పుడే సరైనది, నిలబడితే కాదు. చలిలో బ్యాటరీ శక్తి హఠాత్తుగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ప్రతి కొలతనూ పెన్సిలుతో పుస్తకంలో రాయండి, పెన్ను సిరా గడ్డకడుతుంది. పరికరం చచ్చిపోయిన రోజున ఆ పుస్తకంలోని చివరి గీతే మీకు దిక్కు.

తిరుగుదారిని వెళ్లేటప్పుడే వేయండి

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలని ఉన్నది ఇదే.

1911లో నార్వేకు చెందిన అముండ్సెన్ తన స్థావరం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, 80 డిగ్రీల అక్షాంశం మీద ఆహారం దాచాడు. తిరిగి వచ్చినప్పుడు ఆ మంచు మైదానంలో ఆ గుట్టను వెతకడమంటే పొలంలో సూది వెతకడమే. ఆయన గుట్ట మీద ఒక జెండా పాతి ఊరుకోలేదు. దారికి అడ్డంగా, తూర్పుకు పది, పడమరకు పది జెండాలు వరసగా నాటించాడు. ఒక్కొక్కదాని మధ్య సుమారు 900 మీటర్లు. ప్రతి జెండా మీదా అంకె ఉంది, గుట్ట ఏ వైపు ఎంత దూరమో దాన్నిబట్టి తెలుస్తుంది. అలా ఒక బిందువు 18 కిలోమీటర్ల గోడ అయింది. లెక్కగట్టి చూడండి. స్థావరం నుంచి వచ్చేవాడు మూడు డిగ్రీలకు పైగా పక్కకు పోయినా ఏదో ఒక జెండాకు తగులుతాడు. తనవాళ్లు ఎంత తప్పవచ్చో అనుకుని, అంత వెడల్పు గుర్తు వేశాడు. గుర్తుకర్రలు చాలనప్పుడు ఎండుచేపలను మంచులో నిలబెట్టించాడు.

అక్కడితో ఆగలేదు. ధ్రువానికి వెళ్లే దారిలో ఆరడుగుల ఎత్తున 150 మంచు స్తంభాలు కట్టించాడు, మొత్తం 9,000 మంచు ఇటుకలు. అంటే ఒక్కో స్తంభానికి అరవై. ప్రతి స్తంభంలోనూ ఒక చీటీ ఉంది. దాని అంకె, స్థానం, ఉత్తరాన ఉన్న తర్వాతి స్తంభం ఏ దిక్కున ఎంత దూరమో ఆ చీటీలో రాసి ఉంది. అలసిన మనుషులు రోజూ ఆగి ఇటుకలు కోసి పేర్చడానికి ఎంత పట్టుదల కావాలో ఆలోచించండి.

అదే కాలంలో స్కాట్ బృందం ధ్రువం నుంచి తిరిగి వస్తూ, 1912 ఫిబ్రవరిలో బియర్డ్‌మోర్ హిమానీనదం మీద పగిలిన మంచు గందరగోళంలో చిక్కుకుంది. తిండి అడుగంటుతున్న సమయంలో తర్వాతి ఆహారపు గుట్ట కోసం గంటల తరబడి వెతికారు. చివరికి దొరికింది కానీ, పోయిన సమయం, పోయిన ఒంటి సత్తువ తిరిగి రాలేదు. ఆ తర్వాత వారు ప్రాణాలు విడిచింది దారి తప్పి కాదు. 80 డిగ్రీల మీద పెట్టాలనుకున్న పెద్ద గుట్టను ఏడాది ముందే 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గర ఆపేశారు, చివరి గుడారం దానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నిలిచిపోయింది. ఆ అయిదుగురి ధైర్యం మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. అందుకే ఆ జెండాల వరస గురించి చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

మీరు చేయాల్సింది ఇది. ఆహారం దాచిన చోటును ఎప్పుడూ ఒంటి గుర్తుతో వదలకండి. దారికి అడ్డంగా వెదురు కర్రలు నాటండి, ప్రతిదాని మీదా గుట్ట వైపు బాణం గీయండి. గంటకోసారి వెనక్కు తిరిగి చూడండి. వెళ్లేటప్పుడు చూసిన కొండ తిరిగి వచ్చేటప్పుడు వేరే కొండలా కనిపిస్తుంది.

ఇంకో కిటుకు సముద్రం నేర్పినది. 1916లో బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్ చిన్న పడవ మీద అంటార్కిటికా దగ్గరి ఎలిఫెంట్ దీవి నుంచి సౌత్ జార్జియా దీవికి సుమారు 1,500 కిలోమీటర్లు వెళ్లాడు. పదహారు రోజుల్లో సూర్యుడు కొలవడానికి కనిపించింది నాలుగే సార్లు. పడవ నడిపిన వోర్స్లీ తన లెక్కలో పది మైళ్ల దాకా తేడా ఉండవచ్చని ముందే చెప్పాడు. దీవి కొన పక్క నుంచి జారిపోతే పడమటి గాలి వారిని నడిసముద్రంలోకి తోసేస్తుంది, వెనక్కు రావడం కుదరదు. అందుకని మనుషులున్న ఈశాన్య తీరాన్ని వదులుకుని, ముందుగా ఎదురయ్యే పడమటి తీరానికే గురిపెట్టారు. ఆ తర్వాత కొండలు దాటి నడిచి వెళ్లాల్సి వచ్చింది, కానీ బతికారు. మీరు కూడా గుడారానికి సూటిగా గురిపెట్టకుండా, కావాలనే కొంచెం ఎడమకు గురిపెట్టి నడవండి. గుర్తుల వరస తగలగానే ఎటు తిరగాలన్న సందేహం ఉండదు, కుడికే.

నేల కదిలే చోట

ఉత్తర ధ్రువం వైపు నడిచేవారి కాలికింద ఉన్నది సముద్రం మీద తేలే మంచు. 1827లో బ్రిటిష్ నావికుడు పారీ నార్వేకు ఉత్తరాన ఉన్న స్పిట్స్‌బెర్గన్ దీవి నుంచి ఉత్తరానికి నడిచాడు. మనుషులు గంటల తరబడి పడవలను లాగి అలసి పడుకుంటే, మంచు వారిని నిద్రలోనే దక్షిణానికి తెచ్చేది. 82 డిగ్రీల 45 నిమిషాల దగ్గర వెనక్కు తిరగక తప్పలేదు. మీరు పడుకునే ముందూ లేచాకా స్థానం చూసుకుని, ఆ తేడాను మధ్యలో గడిచిన గంటలతో భాగించండి. మంచు ఎటు ఎంత వేగంతో పోతోందో తెలుస్తుంది. రేపటి దిక్కును ఆ మేరకు ఎదురు పక్కకు జరపండి.

మబ్బుల అడుగు చూడండి. కింద మంచుంటే మబ్బు తెల్లగా వెలుగుతుంది, కింద నీరుంటే నల్లగా మసిబారినట్టు ఉంటుంది. కిలోమీటర్ల దూరంలో ఉన్న నీటిపాయ ముందే ఆకాశంలో కనిపిస్తుంది కనుక పొద్దున్నే దాన్ని చూసి దారి మార్చుకోవచ్చు.

ధ్రువం దగ్గర, ప్రతి రాత్రీ

ధ్రువం దగ్గరపడే కొద్దీ రేఖాంశాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. మన ప్రాంతంలో నూరు కిలోమీటర్లకు పైగా ఉండే ఒక డిగ్రీ రేఖాంశం, 89 డిగ్రీల అక్షాంశం మీద రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ తూర్పు, పడమర అన్న మాటలతో నడవలేరు. గ్రీనిచ్ రేఖనే ఉత్తరంగా భావించి గళ్ల పటం వేసుకుని నడవాలి. విమాన చోదకులు కూడా ఇదే చేస్తారు.

చేరామని ఎలా తెలుస్తుంది? రోజంతా సూర్యుడు ఒకే ఎత్తులో తిరిగితే, ఆ ఎత్తు క్రాంతికి సమానమైతే, మీరు ధ్రువం మీద ఉన్నట్టు. 1911 డిసెంబరు 14న అముండ్సెన్ చేరాక ఆ మాట మీద ఊరుకోలేదు. తన పరికరాల తప్పు ఎంతో తెలిసినవాడు కాబట్టి ముగ్గుర్ని మూడు దిక్కులకు కిలోమీటర్ల దూరం పంపి జెండాలు పాతించాడు. గంటగంటకూ సూర్యుణ్ని కొలిపించి, గుడారాన్ని ఇంకొంత ముందుకు జరిపించాడు. అసలు బిందువు ఎక్కడున్నా ఆ జెండాల నడుమే ఉంటుందని అప్పుడు ఖాయం చేసుకున్నాడు.

ప్రతి రాత్రీ గుడారంలోకి దూరే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. దిక్కు ఇంకా కనిపిస్తుండగానే స్లెడ్జి ముక్కును రేపు వెళ్లాల్సిన వైపుకు తిప్పండి. రెండు స్కీలనూ అదే వైపు ఒకదాని వెనక ఒకటి మంచులో నిలబెట్టండి. తర్వాత లోపలికి వెళ్లి బూట్లు విప్పి, స్థానం రాసి, గడియారానికి కీ ఇవ్వండి. పొద్దున గుడారం తెరిచేసరికి తెల్లచీకటి కమ్మి ఉన్నా, స్లెడ్జి ఎటు చూస్తోందో మొదటి అడుగు అటు వేయవచ్చు.